ఆటగది తాళం తీయించండి: పిల్లల మానసిక చికిత్స గురించి ప్రభుత్వ అధికారులకు బహిరంగ లేఖ

హైదరాబాద్

వైద్య ఆరోగ్య, పాఠశాల విద్య, మహిళా శిశు సంక్షేమ బాధ్యతలు చూస్తున్న గౌరవనీయ అధికారులకు, నగరంలోని ప్రభుత్వ దవాఖానల సూపరింటెండెంట్లకు నమస్కారం.

నేను పిల్లల మానసిక ఇబ్బందులపై పనిచేసే సైకాలజిస్టును. నగరంలోని ఒక ప్రభుత్వ దవాఖానలో, పిల్లల విభాగాన్ని ఆనుకుని ఉన్న చిన్న గదిలో, ఐదు నుంచి పదేళ్ల పిల్లలకు ఆటల ద్వారా బృంద చికిత్స అందించినవారిలో నేనూ ఉన్నాను. ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా ఆ గదిని ఖాళీ చేయించి, అందులో పాత రికార్డుల బీరువాలు పెట్టించారు. చికిత్స సగంలో ఉన్న పిల్లలు అక్కడికక్కడే ఆగిపోయారు. తల్లిదండ్రులు, పిల్లలను మా దగ్గరికి పంపిన ఉపాధ్యాయులు, నేను కలిసి వినతిపత్రాలు ఇచ్చాం. రసీదులు మా దగ్గర ఉన్నాయి. నెలలు గడిచినా రాతపూర్వకమైన జవాబు మాత్రం రాలేదు. నోటిమాటగా విన్న జవాబు ఒక్కటే: "ఆటలే కదా మేడం, బడిలో ఆడుకుంటారు, ఇంటికాడ ఆడుకుంటారు. ఇక్కడ జాగా లేదు." ఆ దవాఖాన పేరును, ఆ మాట అన్నవారి పేరును నేను రాయడం లేదు. ఎవరినో ఒకరిని దోషిగా నిలబెట్టినంత మాత్రాన పిల్లలకు ఒరిగేదేమీ లేదు, పైగా అదే మాట రేపు మరో దవాఖానలో మరో అధికారి నోట రావచ్చు. పిల్లల సంగతి చెప్పినచోట, వారిని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

జాగా కొరత నిజమే. ఓపీ వరుస వరండా దాటి చెట్టుకిందికి వచ్చే దవాఖానలో ప్రతి మూలకూ పోటీ ఉంటుంది. నలుగురు పిల్లలు ఇసుకలో చేతులు పెట్టి కూర్చున్న గది, పొద్దంతా రోగుల ఒత్తిడిలో నలిగే అధికారికి, ఉపయోగంలో లేని గదిలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అందుకే అక్కడ జరిగే పని ఏమిటో ముందుగా వివరించవలసి ఉంది.

పదేళ్ల లోపు పిల్లలకు తమ బాధను మాటల్లో పెట్టే శక్తి ఇంకా పూర్తిగా రాదు. తండ్రి చనిపోయిన బిడ్డ తనకు దుఃఖంగా ఉందని చెప్పదు. కడుపునొప్పి అంటుంది, పక్క తడుపుతుంది, పక్కన కూర్చున్న పిల్లను కొరుకుతుంది, లేదా బడిలో నోరు విప్పడమే మానేస్తుంది. ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి "ఏమైందమ్మా" అని అడిగితే ఇటువంటి బిడ్డ తల వంచుకుంటుంది తప్ప జవాబు చెప్పదు. అదే బిడ్డ బొమ్మల ఇంట్లో నాన్న బొమ్మను మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, డాక్టరు బొమ్మను మళ్లీ మళ్లీ పిలిపించి, ప్రతిసారీ ఆలస్యంగా వచ్చేలా ఆడుతుంది. చెప్పలేకపోయినదంతా ఆ ఆటలో ఉంటుంది. దాన్ని చదవగలిగిన మనిషి పక్కన ఉంటే, అది చికిత్స అవుతుంది.

బృందంలో నలుగురి నుంచి ఆరుగురు పిల్లలు ఉంటారు, వారి మధ్య వయసు తేడా ఏడాది, ఏడాదిన్నర మించదు. ప్రతి వారం అదే రోజు, అదే సమయం, అదే గది, అదే మనిషి. బొమ్మలను కూడా ఏవి దొరికితే అవి పెట్టరు. ఇంటి జీవితాన్ని ఆడుకోవడానికి బొమ్మల కుటుంబం, వంట సామాను, డాక్టరు పెట్టె, బొమ్మ ఫోను ఉంటాయి. కోపం తీర్చుకోవడానికి పులి, మొసలి, సిపాయిలు, ఎంత కొట్టినా మళ్లీ లేచి నిలబడే గాలిబొమ్మ ఉంటాయి. చేతులతో ఏదైనా చేయడానికి ఇసుక, మట్టి, రంగులు ఉంటాయి. మా గదిలోవి చాలావరకు బేగంబజారులో కొన్నవే. వాటికి పెద్దగా ఖర్చు కాలేదు. ఖర్చు, శ్రమ ఉన్నదల్లా వాటి పక్కన కూర్చునే మనిషిని తయారుచేయడంలో.

ఆ మనిషి పిల్లలకు ఆట నేర్పించరు, ప్రశ్నలు వేయరు, మెచ్చుకోలుతో తమకు నచ్చిన దారికి మళ్లించరు. పిల్లవాడు చేస్తున్నదాన్ని గమనించి, అందులో ఉన్న భావాన్ని వాడికి వినిపించేలా చెబుతారు: "ఆ మొసలి మీద నీకు చాలా కోపంగా ఉంది." ఎవరైనా పక్కవాడి మీద చెయ్యెత్తితే, ముందు ఆ కోపాన్ని గుర్తిస్తారు, తర్వాత హద్దు చెబుతారు, ఆ తర్వాత వేరే దారి చూపిస్తారు: "వాడు నీ కారు తీసుకున్నాడని కోపమొచ్చింది. వాణ్ని కొట్టకూడదు. ఆ గాలిబొమ్మను కొట్టొచ్చు." ఈ మూడు వాక్యాలను ఇదే వరుసలో, గొంతు పెంచకుండా చెప్పడానికి ఎంతో సాధన కావాలి, ఎందుకంటే ఆ క్షణంలో పెద్దవాళ్ల నోటికి ముందుగా వచ్చేది "ఏయ్, ఆపు" అన్న గద్దింపే.

అందరినీ బృందంలో చేర్చరు. తల్లిదండ్రులతో ఒకసారి, పిల్లవాడితో విడిగా ఒకటి రెండుసార్లు గడిపిన తర్వాతే నిర్ణయిస్తారు. ఈ మధ్యనే తీవ్రమైన హింసకు గురైన పిల్లలను, ఇతరులకు హాని చేసే స్థాయిలో దూకుడుగా ఉన్న పిల్లలను, లైంగిక వేధింపు ప్రభావం ప్రవర్తనలో కనిపిస్తున్న పిల్లలను మొదట విడిగానే చూడాలి. ఒకే తీరు పిల్లలందరినీ ఒకచోట వేసినా పని జరగదు. అందరూ మౌనంగా ఉండే బృందం అలాగే మౌనంగా ఉండిపోతుంది. అందరూ కొట్టుకునే బృందంలో కొట్లాటే మిగులుతుంది. వీరిని కలిపే తీరులోనే చికిత్స సగం ఉంది.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఏడేళ్ల పిల్లవాడు, రెండో తరగతి. ఇంట్లో తల్లితో మెల్లగా మాట్లాడతాడు, బడిలో ఏడాదిగా ఒక్క మాట లేదు. బృందంలో మొదటి వారాలన్నీ గోడకు ఆనుకుని కూర్చుని మట్టిని ఉండ చేసేవాడు, ఆ ఉండనే నలిపి మళ్లీ ఉండ చేసేవాడు. ఎవరూ వాణ్ని మాట్లాడమని ఒత్తిడి పెట్టలేదు. "నీకు ఇక్కడ కూర్చుని చూడటం బాగుంది" అని మాత్రం నేను అప్పుడప్పుడూ అనేదాన్ని. అదే గదిలో, ఇంట్లో ఎవరిమీద పడితే వారిమీద అరుస్తుందని తల్లి తీసుకొచ్చిన మరో పిల్ల, ప్రతి వారం ఇసుకతో అన్నం వండి అందరికీ వడ్డించేది. ఒకరోజు అందరి ముందూ పళ్లేలుగా మూతలు పెట్టి, వీడి ముందు కూడా ఒకటి పెట్టి, గదమాయించినట్టుగా "నీకేం కూర కావాలె?" అంది. వాడు చాలాసేపు ఆ మూతకేసి చూశాడు. "పప్పు" అన్నాడు. ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు, చప్పట్లు కొట్టలేదు; "పప్పు అయిపోయింది, టమాట ఉంది" అని గరిటెతో వేసి పక్కవాడి దగ్గరికి పోయింది. నేను గానీ, బడిలో టీచరు గానీ, ఇంట్లో తల్లి గానీ అంత మామూలుగా ఆ మాటను అందుకోగలిగి ఉండేవాళ్లం కాదు. తోటి పిల్ల అందుకోగలిగింది. ఒక్కొక్కరినీ విడిగా చూసే చికిత్సలో దొరకనిది ఇదే.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. శామ్యూల్ స్లావ్‌సన్ 1934లోనే న్యూయార్క్‌లో పిల్లలకు పనులు, ఆటలతో బృంద చికిత్స మొదలుపెట్టారు. వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ఆట చికిత్సకు ఎనిమిది సూత్రాలు రాశారు. ఈనాటికీ చాలాచోట్ల శిక్షణ వాటితోనే మొదలవుతుంది. 1953 నుంచి 2000 వరకు జరిగిన 93 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2005లో వెలువరించిన విశ్లేషణలో, ఆట చికిత్స పొందిన పిల్లలు పొందనివారికంటే స్పష్టంగా మెరుగుపడినట్టు, తల్లిదండ్రులకు నేర్పి వారిచేత కూడా చేయించినప్పుడు ఫలితం ఇంకా పెరిగినట్టు, 35 నుంచి 40 సెషన్ల దగ్గర ఫలితం అత్యధికంగా ఉన్నట్టు తేలింది. ఆ అధ్యయనాలన్నీ ఒకే నాణ్యత గలవి కావన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. అయినా కొన్ని వారాలు ఆడించి వదిలేస్తే చాలదన్న సంగతి ఈ రంగంలో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. గది మూతపడేనాటికి మా పిల్లల్లో ఎవరూ ఆ లెక్కలో సగానికి కూడా చేరలేదు.

హైదరాబాద్‌కు ఈ పద్ధతి మరీ సరిపోతుందని నా అనుభవం. మా బృందాల్లో తలాబ్‌కట్ట నుంచి ఉర్దూ మాట్లాడే పిల్లలు, అడ్డగుట్ట నుంచి తెలుగు పిల్లలు, భవన నిర్మాణ పనులకు ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు కలిసి ఉండేవారు. మాటల మీద నడిచే కౌన్సెలింగ్‌లో వీరికి మూడు నాలుగు భాషల నిపుణులు కావాలి. ఇసుకలో గుజ్జనగూళ్లు వండుకునేటప్పుడు ఆ అవసరం చాలావరకు రాదు.

గది మూసివేత వల్ల జరిగినది, జరుగుతున్నది ఇప్పుడు వరుసగా చెబుతాను.

1. పిల్లలు తప్పు తమదేనని నమ్ముతున్నారు. గదికి తాళం పడ్డ వారం, సంగతి తెలియక తల్లులు ఎప్పటిలాగే పిల్లలను తీసుకొచ్చారు. ఆరేళ్ల పిల్ల ఒకతి కిటికీ ఊచలు పట్టుకుని లోపలి బీరువాలను చూసి, "మా బొమ్మలు ఏడికి పోయినయ్?" అని అడిగింది. తర్వాత తల్లి కొంగు పట్టుకుని, "నేను ఇసుక జల్లిన్నని బంద్ చేసిండ్రా?" అంది. అంతకు ముందు వారం ఆ పిల్ల నిజంగానే ఇసుక చల్లింది. హద్దు చెప్పించుకుంది, ఆపింది, తనంతట తాను ఆపగలిగినందుకు ఆరోజు సంబరంగా ఇంటికి పోయింది. ఒక్క తాళంతో ఆ నేర్చుకున్నదంతా తలకిందులైంది. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంతకు ముందే ఎవరినో ఒకరిని చెప్పాపెట్టకుండా పోగొట్టుకున్నవారు: చనిపోయిన తండ్రి, వెళ్లిపోయిన తల్లి, ఊరికి పంపేసిన అక్క. అందుకే ఈ చికిత్సలో ముగింపుకు ప్రత్యేకమైన పద్ధతి ఉంది. ఇంకా ఎన్ని వారాలు మిగిలి ఉన్నాయో పిల్లలకు కొన్ని వారాల ముందు నుంచే చెబుతారు, లెక్కపెట్టుకోనిస్తారు, కోపగించుకోనిస్తారు, వీడ్కోలు చెప్పుకోనిస్తారు. మా పిల్లలకు అది దక్కలేదు. ఎముక అతుక్కోకముందే కట్టు విప్పేస్తే హాని జరుగుతుంది. ఇక్కడ జరిగింది అదే.

2. నేర్చుకున్న మాట వెనక్కి పోతోంది. "పప్పు" అన్న పిల్లవాడు ఆ తర్వాత బడిలో హాజరు పలికే స్థాయికి వచ్చాడు. ఇప్పుడు మళ్లీ పలకడం లేదని వాళ్ల టీచరు రాశారు. మళ్లీ మొదలుపెడితే మొదటిసారికంటే ఎక్కువ కాలం పడుతుంది, ఎందుకంటే ఈసారి వాడు ఆ గదిని నమ్మడానికి కూడా జంకుతాడు.

3. కుటుంబాల మీద పడుతున్న భారం చిన్నది కాదు. జగద్గిరిగుట్ట, చాంద్రాయణగుట్ట వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చే తల్లులు ఇళ్లలో పనిచేసేవారు, మిషన్ కుట్టేవారు, బిల్డింగు పనులకు పోయేవారు. 2023 డిసెంబరు నుంచి మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం కావడం వీరికి నిజంగా మేలు చేసింది, కానీ ఆరోజు పోయే కూలిని బస్సు తిరిగి ఇవ్వదు. అయినా వారం వారం వచ్చారు. బిడ్డలో మార్పు కళ్లారా చూశారు గనుక వచ్చారు. ఇప్పుడు వీరికి ప్రైవేటు క్లినిక్కులకు వెళ్లమని చెబుతున్నారు. అక్కడ ఒక్క సెషన్‌కు తీసుకునే రుసుము వీరిలో చాలామంది ఒకరోజు సంపాదన కంటే ఎక్కువ. నెలకు నాలుగు సెషన్లు, ఏడాది పాటు అంటే ఇంటి కిరాయి ఆపుకోవాలి. ఒక తల్లి పుస్తెల తాడు కుదువ పెడతానని అడిగింది. వద్దని చెప్పాను, బదులుగా ఎక్కడికి వెళ్లమని మాత్రం చెప్పలేకపోయాను.

4. చికిత్స లేనిచోట దెబ్బలు చేరుతున్నాయి. పక్క తడిపే పిల్లవాణ్ని, స్కూల్లో కొరికే పిల్లను ఇంట్లో ఏం చేయాలో తెలియక కొడుతున్నారు, చలువ నేల మీద పడుకోబెడుతున్నారు, తాయెత్తులు కట్టిస్తున్నారు. తాయెత్తు కట్టించే తల్లిని నేను తప్పుపట్టను. బిడ్డకోసం తనకు తెలిసిన, తన చేతికి అందే పని ఆమె చేస్తోంది. ఆమె చేతికి అందేలా మనం ఏం పెట్టామన్నదే ప్రశ్న.

5. బడి కూడా నష్టపోతోంది. నలభై మంది తరగతిలో ఒక్క పిల్లవాడి భయం, ఒక్క పిల్ల కోపం మిగతావారి చదువును కూడా ఆపుతాయి.

6. ఇద్దరు నిపుణులు ఒక గంటలో విడివిడిగా ఇద్దరు బిడ్డలను చూడగలిగితే, అదే గంటలో బృందంగా నలుగురి నుంచి ఆరుగురిని చూడగలరు. నిపుణులు ఇంత తక్కువగా ఉన్న ప్రభుత్వ వ్యవస్థలో బృంద చికిత్సను ఆపడమంటే వేచి చూసేవారి వరుసను ఇంకా పెంచడమే.

ఇక, బడిలో ఆడుకుంటారు కదా అన్న మాటకు వస్తాను. ఆడుకునే పిల్లలు ఆడుకుంటారు. మా దగ్గరికి వచ్చే పిల్లలు బడి ఆటల్లో చేర్చుకోబడనివారు, లేదా చేర్చుకున్న ప్రతిసారీ కొట్లాటతో బయటికి వచ్చేవారు. కబడ్డీలో గానీ దాగుడుమూతల్లో గానీ పిల్లవాడు ఓడిపోయి ఏడిస్తే ఆట ముందుకు సాగిపోతుంది. మా గదిలో ఆట ఆగి, ఆ ఏడుపు దగ్గర అందరం కూర్చుంటాం. ఫోన్ చేయమని కూడా కొందరు సలహా ఇచ్చారు. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416, పిల్లల ఆపదలకు ఉన్న 1098 రెండూ ఎంతో అవసరమైన సేవలు, వాటిని నేనే చాలామందికి చెబుతుంటాను. కానీ బడిలో నోరు విప్పని ఏడేళ్ల పిల్లవాడు ఫోన్‌లో నోరు విప్పడు.

ఈ పిల్లలు ప్రభుత్వ పథకాల మధ్య ఖాళీలో పడిపోతున్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. అవి చూసే ఆరోగ్య సమస్యల జాబితాలో ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది, ఏకాగ్రత లోపం ఉన్నాయి. చావు చూసిన దుఃఖం, తెగని భయం, మూగబోయిన నోరు ప్రత్యేకంగా లేవు. భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం ఉద్దేశించినవి, వీరు ఆ కోవలోకి రారు. మానసిక వైద్యుడి ఓపీకి పోతే మందు రాయవలసిన జబ్బు వీరిలో చాలామందికి లేదు. ఎంతమంది ఉన్నారన్న లెక్క కూడా లేదు. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నట్టు, మహానగరాల్లో అది 13.5 శాతమని తేలింది. 13 ఏళ్ల లోపు పిల్లలు ఆ లెక్కలో లేరు, సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్, ప్రభుత్వాలు అందించవలసిన సేవల్లో పిల్లల మానసిక ఆరోగ్య సేవలను పేరుపెట్టి చెప్పింది, అవి నివాసానికి దగ్గరలో ఉండాలని కూడా చెప్పింది. విద్యా హక్కు చట్టంలోని 29వ సెక్షన్ బిడ్డను భయం, ఆందోళన లేకుండా ఉంచాలంటుంది. భారతదేశం 1992లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆట పిల్లల హక్కుగా ఉంది. విశాఖపట్నంలో చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సామాజిక కార్యకర్త గానీ ఉండాలని, అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం పెట్టుకోవాలని నిర్దేశించింది. నగరంలోని చిన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు అనుసంధానం పెట్టుకోవాలంటే బయట ఒక చోటు ఉండాలి కదా. మూసేసిన గది అటువంటి చోటే.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి.

1. అర్ధాంతరంగా ఆగిన బృందాలకు, అదే పిల్లలతో, అదే నిపుణులతో, కనీసం ఆరు వారాల సెషన్లు వెంటనే జరిపించాలి. చికిత్స కొనసాగించవలసిన పిల్లలెవరో, వీడ్కోలు చెప్పి పంపగలిగినవారెవరో ఆ ఆరు వారాల్లో తేలుతుంది. మిగతా కోరికలన్నీ ఆలస్యమైనా ఇది ఆలస్యం కాకూడదు.

2. ఆ గదిని తిరిగి ఇవ్వాలి, లేదా అదే ప్రాంగణంలో దాదాపు మూడు వందల చదరపు అడుగుల మరో గదిని, నీటి కుళాయి అందుబాటులో ఉండేలా, మాటలు బయటికి వినపడకుండా ఉండేలా కేటాయించాలి. వారంలో ఆ గంటల్లో దాన్ని వేరే పనికి వాడకూడదు. మిగతా సమయంలో మరో విభాగం వాడుకుంటే మాకు అభ్యంతరం లేదు. బొమ్మలు పెట్టుకోవడానికి తాళం ఉన్న బీరువా ఒకటి చాలు.

3. ఆట ద్వారా బృంద చికిత్సను దవాఖాన రికార్డుల్లో చికిత్సగా నమోదు చేయాలి. ఓపీ చీటీ మీద, రిజిస్టరులో, నెలవారీ నివేదికలో అది కనిపించాలి. కాగితం మీద లేని పనికి గది దక్కదన్నది మాకు ఇప్పుడు తెలిసింది. ఏ కారణంతోనైనా మూయవలసి వస్తే కనీసం ఎనిమిది వారాల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలన్న నియమం కూడా అదే ఉత్తర్వులో ఉండాలి.

4. నగరం నాలుగు వైపులా ఒక్కో కేంద్రమైనా ఏర్పాటు చేయాలి. కొత్త భవనాలు అడగడం లేదు. పిల్లల ఎదుగుదల సమస్యలను చూసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో, బడి వేళ తర్వాత భవిత కేంద్రాల్లో గదులు, కొన్ని బొమ్మలు ఇప్పటికే ఉన్నాయి. బస్తీ దవాఖానల సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు ఇటువంటి పిల్లలను గుర్తించి పంపడం నేర్పితే చాలు. శనివారం సాయంత్రమో ఆదివారం ఉదయమో ఒక బృందమైనా ఉంటే తల్లులకు కూలి పోదు.

5. ప్రతి బృందానికీ శిక్షణ పొందిన ఇద్దరు ఉండాలి, వారి పనిని అనుభవజ్ఞులు క్రమం తప్పకుండా పర్యవేక్షించాలి. స్వచ్ఛంద సేవకులను, విద్యార్థులను శిక్షణ లేకుండా పిల్లల మధ్య కూర్చోబెట్టవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. మనసు విరిగిన పిల్లలతో సదుద్దేశం ఒక్కటే సరిపోదు. నియమించే ప్రతి ఒక్కరి పూర్వాపరాలనూ పిల్లల భద్రత దృష్ట్యా పరిశీలించాలి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, బోయిన్‌పల్లిలోని జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ, నీలోఫర్ దవాఖాన వంటి సంస్థలున్న నగరంలో శిక్షణకు మనుషులు దొరకరని ఎవరూ అనలేరు.

6. తల్లిదండ్రులకు కూడా నేర్పించాలి. వారానికి ఒకసారి అరగంట, ఫోను పక్కన పెట్టి, బిడ్డ ఆటను తాను నడపకుండా పక్కన కూర్చోవడం ఎలాగో నేర్చుకున్న తల్లులు మా దగ్గర ఉన్నారు. దెబ్బలు తగ్గింది ఆ ఇళ్లలోనే. ఈ శిక్షణ తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి.

7. ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లల మానసిక ఇబ్బందులపై నగర స్థాయిలో ఒక సర్వే చేయించి, ఆ లెక్కలను అందరికీ తెలిసేలా ప్రకటించాలి.

ఈ లేఖ ప్రతులను, తల్లిదండ్రుల సంతకాలతో, సంబంధిత కార్యాలయాలన్నిటికీ విడిగా అందజేస్తున్నాం. రెండు నుంచి ఏడు వరకు ఉన్న కోరికలపై ముప్పై రోజుల్లో రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాం. కుదరదన్న జవాబైనా కారణాలతో సహా కాగితం మీద ఇవ్వండి, అప్పుడు ఏం చేయాలో మేము ఆలోచించుకోగలుగుతాం. మొదటి కోరికకు మాత్రం ముప్పై రోజులు కూడా ఎక్కువే. దవాఖానలో గది కుదరకపోతే, దగ్గరలోని ఏదైనా ప్రభుత్వ బడిలో ఆదివారం ఉదయం ఒక తరగతి గది తెరిపించినా సరిపోతుంది. బొమ్మలు అట్టపెట్టెల్లో మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. నేను, నాతో పనిచేసిన సహోద్యోగి ఆ ఆరు వారాలకు జీతం అడగడం లేదు. పిల్లలను తప్పకుండా తీసుకొస్తామని తల్లిదండ్రులందరూ ఒప్పుకున్నారు.

ఇట్లు,
పిల్లల తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల పక్షాన
ఒక సైకాలజిస్టు, హైదరాబాద్